పన్నెండు గుంటలు

సమీకరణాలు మొదలుపెట్టే రోజు మా బడిలో పిల్లలకు నేను మామిడిపండ్ల లెక్క చెప్పను. అన్నదమ్ముల భూమి లెక్క చెప్తాను. అది మా ఇంటి లెక్క.

సోలార్ పార్కుకు భూములు గుత్తకిచ్చే కాలం. నాయనకూ పెదనాయనకూ ఉమ్మడిగా ఎనిమిది ఎకరాల ఇరవై గుంటల చేను ఉండేది. తెల్లారితే సంతకాలు. ఆలోగా భాగాలు తేలకపోతే మా చేను వదిలేస్తామన్నారు పార్కు వాళ్లు. అవ్వ పెదనాయన ఇంట్లో ఉంటుంది గనక ఆయనకు ఒక ఎకరం ఎక్కువ. అందులో పేచీ లేదు.

పేచీ తెచ్చింది మా మేనమామ. సరిహద్దు అవతల ఆంధ్రా ఊరాయన, చేతిలో ఫోనుంటే లెక్కలు కట్టకుండా ఆగడు. సాయంత్రం మా వసారాలో నాయనకూ పెదనాయనకూ మధ్య కూర్చుని, ఎకరం తీసేసి, మిగిలిన ఏడు పాయింట్ ఇరవైని సగం చేసి, ఆ సెంట్లను గుంటల్లోకి మార్చి చెప్పేశాడు: మాకు మూడెకరాల ఇరవై నాలుగు గుంటలు, పెదనాయనకు నాలుగెకరాల ఇరవై నాలుగు. నాయన రెండూ కూడితే పన్నెండు గుంటలు తక్కువొచ్చాయి. చేను పత్రాలన్నీ పెదనాయన దగ్గరే ఉండేవి గనక అనుమానం ఆయన మీదికి పోయింది.

"మింగింది నువ్వే అన్నా. దొంగవి నువ్వు" అన్నాడు నాయన.

పెదనాయన లేచి వాకిట్లో చెప్పులేసుకున్నాడు. ఇప్పుడు పోతే ఆయన మళ్లీ మా ఇంటికి రాడు. అడ్డంగా నిలబడి, నా పదో తరగతి పుస్తకం అట్ట మీద గబగబా రాశాను. మా వైపు ఎకరానికి నలభై గుంటలు, మామ వాళ్లకు వంద సెంట్లు. ఇరవై గుంటలను ఇరవై సెంట్లుగా ఫోన్లో కొట్టేశాడు మహానుభావుడు. అంతా గుంటలు చేస్తే మూడు వందల నలభై. మా భాగం ఎక్స్ అనుకుంటే పెదనాయనది దానికి నలభై ఎక్కువ. రెండు ఎక్స్‌లు మూడు వందలు, ఎక్స్ నూట యాభై. మాకు మూడెకరాల ముప్పై, ఆయనకు నాలుగెకరాల ముప్పై. ఒక్క గుంట కూడా ఎక్కడికీ పోలేదు.

అందరికీ వినపడేలా చదివాను. మామ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెదనాయన చెప్పులు విప్పలేదు.

"లెక్క సరిపోయిందిలేమ్మా. నన్ను దొంగ అన్నాడే, ఆ మాట ఎవురి భాగంలో ఏస్తావు?"

నాయన లేచి వాకిట్లోకి వచ్చాడు.

"నా భాగంలో ఏసుకుంటాను అన్నా."

పెదనాయన చెప్పులు విప్పాడు.