సౌండ్ పోయిన మ్యాట్నీ

మా ప్రెస్ షాపులో సోమవారం పొద్దున పని కంటే ముందు సినిమా తీర్పులు మొదలయ్యేవి. నాచారంలో మాది నూనె డబ్బాలు, పెయింటు డబ్బాలు తయారుచేసే కంపెనీ. రేకును కోసి, వంచి, మూతలు గుద్దే ప్రెస్సులు ఒకే షెడ్డు కింద ఇరవై దాకా ఉండేవి. అవన్నీ నడుస్తుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని చేతులతో మాట్లాడుకునేవాళ్లం. కాలర్ ఎగరేస్తే హీరో. పైట సర్దుకుంటే హీరోయిన్. చెంప మీద గోటితో గీత గీస్తే విలన్. అరచేయి చెంప కింద పెట్టుకుని కళ్లు మూస్తే, ఆ సినిమాకి వెళ్లి బాగుపడినవాడు లేడని అర్థం.

ఈ చేతి మాటల్లో మా అందరికీ గురువు నా పక్క ప్రెస్సు మీద పనిచేసే అన్న. నలభై దాటిన మనిషి. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం మ్యాట్నీ, రెండింట్లో ఏదీ తప్పేవాడు కాదు. సోమవారం మూతల అచ్చు మార్చడానికి ప్రెస్సు ఆపిన పావుగంటలో, నోరు మెదపకుండా, సినిమా మొత్తం చూపించేవాడు. ఒకసారి, అద్దె ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒకాయన గోడకు తాను కొట్టిన మేకును పీకబోయి, మనసొప్పక వదిలేసే సీను చేశాడు. చేయి పైకి లేచింది, ఆగింది, కిందికి దిగింది. అంతే. తిట్టడానికి వచ్చిన సూపర్‌వైజర్ తిట్టడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు. అబ్బా, ఏం మనిషిరా బాబూ అనుకున్నాను.

అలాగని ఆయన చెప్పిందల్లా ఒప్పుకునే రకాన్ని కాదు నేను. ఇరవై మూడేళ్లు నాకప్పుడు. సినిమాల సంగతి నాకంటే తెలిసినవాడు హైదరాబాద్‌లో లేడని గట్టి నమ్మకం. ఎవరైనా ఎదురు చెబితే ఒళ్లు మండేది. ఒక సోమవారం నేను చేయి చెంప కింద పెట్టి కళ్లు మూసిన సినిమాకే అన్న రెండు చేతులూ గుండెకు ఆనించుకున్నాడు. మధ్యాహ్నం షెడ్డు బయట టిఫిన్ డబ్బాలు విప్పగానే పట్టుకున్నాను.

"అన్నా, గదేం సినిమానే? కొడుకు నౌకరి దొరికిందని అబద్ధం జెప్తే తల్లి ఆఖరి దాకా నమ్ముతదా? గంత పిచ్చిదా ఆమె?"

అన్న ఎప్పటిలాగే తినడం ఆపి నా మొహంలోకే చూశాడు. "నమ్మలే. ఆమెకు ఆ రోజే ఎరుక."

"ఎవరు జెప్పిన్రు నీకు? నా బిడ్డ గెలిసిండు అని ఆమెనే అన్నది గదా!"

"ఏమన్నదో ఏమో. ఎరుకైంది ఆమెకు."

"నువ్వు నిద్రవోయినవ్‌లే."

"నువ్వే జర కండ్లు తెరిచి సూడాలె. ఐతారం నడువ్, మల్ల సూద్దాం."

సరే చూద్దాం, అక్కడే నోరు మూయిస్తానని వెళ్లాను. ఉప్పల్ చౌరస్తా దాటాక ఒక పాత టాకీసు ఉండేది. మ్యాట్నీకి జనం బాగానే ఉన్నారు. సరిగ్గా కొడుకు ఇంటికొచ్చి నౌకరి దొరికిందని చెప్పే సీను మొదలవగానే సౌండ్ పోయింది.

ఇక చూడాలి. "సౌండ్! సౌండ్!" అని హాలంతా గోల. ఈలలు, కుర్చీల చప్పుడు, ఆపరేటర్‌కీ వాళ్ల ఏడు తరాలకీ తిట్లు. ఇలాంటి పనుల్లో నేను వెనకపడతానా? కుర్చీలోంచి లేచి రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను. "అన్నా, నువ్వు గూడ జర అర్వరాదే!" అంటూ కిందికి చూశాను.

అన్న కదల్లేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ముందుకు వంగి, తెరనే చూస్తున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. విసుగు లేదు, చుట్టూ చూడటం లేదు. ఏదో తక్కువైందన్న ధ్యాసే ఆ మొహంలో లేదు. ఈల వేస్తున్న వేళ్లు నోట్లోనే ఉండిపోయాయి.

అలా నిలబడే తెర వైపు తిరిగాను. తల్లి కొడుక్కి అన్నం పెడుతోంది. కొడుకు నోరు కదులుతోంది. తల్లి ఒక్కసారి వాడి కాళ్ల వైపు చూసింది. పిక్కల దాకా దుమ్ము. పొద్దంతా కుర్చీలో కూర్చున్నవాడి కాళ్లు కావవి, ఊరంతా తిరిగి వచ్చిన కాళ్లు. ఆమె చేతిలో గరిటె గిన్నెలోనే ఆగింది. తర్వాత నవ్వింది. నేను మొన్న విని నమ్మిన ఆ మాటేదో అంది. తనకోసం ఉంచుకున్న అన్నం కూడా వాడి కంచంలోకే వేసింది.

దేవుడా! ఇదంతా మొన్న కూడా తెర మీదే ఉంది. మొన్న నేనూ హాల్లో కళ్లు తెరుచుకునే కూర్చున్నాను. అయినా ఒక్కటీ చూడలేదు. అంతలో సౌండ్ ఢమ్మని తిరిగొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. అన్న చుట్టూ చూసి, ఎందుకో ఏమిటో తెలియకపోయినా, అందరితోపాటు తనూ రెండు చప్పట్లు కొట్టాడు.

బయటికొచ్చాక కావాలనే వెనకబడి "అన్నా!" అని గట్టిగా పిలిచాను. తిరగలేదు. వరంగల్ రోడ్డు మీద లారీ హారన్ కొడుతూ మీదికొస్తుంటే భుజం పట్టి లాగాను. హోటల్లో టీ గ్లాసులు ముందు పెట్టుకుని, ఎదురుగా కూర్చుని అడిగాను.

"నీకు ఇనవడ్తలేదు గదా అన్నా?"

గ్లాసు పక్కకు జరిపి, "మూడేండ్లాయె," అన్నాడు. "మీ వదినెకు తప్ప ఎవ్వరికి ఎరుక లేదు. మిషిన్ల కాడ అందరు చేతులతోని మాట్లాడుడే గదా, నన్నెవడు పట్టిచ్చుకుంటడు?"

"మరి మూడేండ్ల సంది మాకు జెప్పిన కథలన్ని?"

"సూసిన. గంతే."

ఆయన నా చేయి పట్టుకున్నాడు. "వచ్చే నెల చెవుల పరీక్ష వెడ్తున్నరట తమ్మీ. చెవులు పోయినోళ్లను ఇంటికి పంపుతరంటున్నరు. పిల్లలు ఇంక సదువుకుంటనే ఉన్నరు. ఎవ్వరికి జెప్పకు." చెప్పనని మాటిచ్చాను. అంతటితో ఊరుకోలేదు, ముందు నేను పరీక్షకు వెళ్లి, అదెలా చేస్తారో వచ్చి చెప్పాను. చెవులకు ఏదో తగిలిస్తారు, సన్నగా కుయ్ మంటుంది, అన్నప్పుడల్లా వేలెత్తాలి.

అన్న పాసయ్యాడు! రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయని కాగితం తెచ్చాడు.

"ఎట్లనే?"

"బటన్ నొక్కేముందు డాక్టర్ సారు జర గడ్డం దింపుతుండు. అది సూస్కుంట వేలు లేపిన."

ఆ సాయంత్రమంతా పొట్ట పట్టుకుని నవ్వాను. ఏ హీరో చేస్తాడు ఈ యాక్షన్ అని ఆయన్ని ఎత్తుకున్నంత పని చేశాను.

పదిహేను రోజుల తర్వాత నోటీసు పెట్టారు. పరీక్ష తప్పినవాళ్లు ఏడుగురు. ఒక్కణ్నీ ఇంటికి పంపలేదు. అదే జీతం మీద, చప్పుడు లేని గోదాములోకి మార్చారు. చెవి మిషన్లు కూడా ఇప్పిస్తామన్నారు. అన్న మాత్రం భేషైన కాగితం జేబులో పెట్టుకుని, మిగిలిన ఆ కాస్త వినికిడినీ ప్రెస్సుకు అప్పజెప్పుతూ నా పక్కనే నిలబడ్డాడు. వేలెత్తడం నేర్పింది నేనే కదా. నాకు తల కొట్టేసినట్టయింది.

"నడువ్ అన్నా, డాక్టర్‌కు నిజం జెప్దాం."

"దొంగ అంటరు తమ్మీ."

"అననీ!" అని రెక్క పట్టుకుని లాక్కుపోయాను.

డాక్టర్ నమ్మలేదు. ఊరేదని అడిగాడు, పిల్లలెందరని అడిగాడు. అన్న ఆయన పెదాలు చూస్తూ అన్నిటికీ ఠక్కున జవాబు చెప్పాడు. "వినపడకపోతే ఇవన్నీ ఎలా చెప్తున్నాడయ్యా? ఆటలాడుతున్నారా?" అని డాక్టర్ నా మీద లేచాడు.

"సార్, ఒక్కసారి కండ్లు మూస్కోమని జెప్పి పరీక్ష జెయ్యున్రి," అన్నాను.

అన్న నా పెదాల మీద ఆ మాట చదివి, నా వైపు చూశాడు. ఆ మొహంలో భయం చూడటం నాకదే మొదటిసారి. అయినా కుర్చీలో కూర్చున్నాడు. చెవులకు తగిలించుకుని, వేలు బల్ల మీద సిద్ధంగా పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

డాక్టర్ బటన్ నొక్కాడు. వేలు లేవలేదు. ఇంకాస్త పెంచి నొక్కాడు. ఇంకా పెంచాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాకే సన్నగా కుయ్ మని వినపడుతోంది. వేలు అక్కడే ఉంది. డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. గోదాముకు మార్చాలని కాగితం మీద రాశాడు. "అయిపోయిందయ్యా, కళ్లు తెరువు," అన్నాడు.

అన్న తెరవలేదు. డాక్టర్ మళ్లీ చెప్పాడు. అన్న కళ్లు గట్టిగా మూసుకుని, వేలు సిద్ధంగా పెట్టుకుని, చప్పుడు ఇంకా మొదలు కాలేదనుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు.

నేను వెళ్లి ఆ చేయి పట్టుకున్నాను. కళ్లు తెరిచి, ఏడుస్తున్న నా మొహం చూసి, "పాసా ఫెయిలా?" అని అడిగాడు.

"ఫెయిలే అన్నా," అన్నాను.