చేగోడీల కంపెనీ

ఈ రోజు మా అమ్మాయి కంపెనీని నేనే ముంచేశాను.

ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో తను చదివే హైస్కూల్లో పిల్లలకి వ్యాపారం నేర్పడానికి ఒక పోటీ పెట్టారు. ఏదైనా సొంతంగా తయారుచేసి, స్కూలు ఆటల హాలు, అదే జిమ్‌లో బల్ల వేసుకుని అమ్మాలి. ఎక్కువ లాభం వచ్చినవాళ్ళు గెలిచినట్టు. మా శైలు చేగోడీలు ఎంచుకుంది. వారమంతా నా పక్కనే నిలబడి పిండి కలిపింది, చుట్టింది, వేయించింది. పొట్లాల మీద ‘క్రంచీ రింగ్స్’ అని పేరు కూడా అంటించింది.

జడ్జీలతో మాట్లాడి వస్తాను, కాసేపు చూస్తూ ఉండమని నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి వెళ్ళింది. అంతలో ఒక అమెరికన్ పెద్దావిడ వచ్చి, ఒకటి రుచి చూసి, ఎంత బాగుందో అంటూ పర్సు తీసింది. మన చేత్తో చేసింది తిని బాగుందన్న మనిషిని డబ్బులెలా అడుగుతాం? నాకు నోరు రాలేదు. "నో మనీ, ప్లీజ్ టేక్" అన్నాను. ఇంకేముంది, జనం లైన్ కట్టేశారు.

శైలు తిరిగొచ్చి ఖాళీ బల్ల చూసింది. "అమ్మా, అన్నీ అమ్మేశావా!" అని నన్ను గట్టిగా వాటేసుకుంది. తర్వాత డబ్బులు వేసే కుకీల డబ్బా మూత తీసింది.

"వాళ్ళు మన గెస్ట్స్ కాదమ్మా, కస్టమర్స్" అంది. అరవను కూడా అరవలేదు. కార్లో తనకిష్టమైన కేసెట్ పెడితే ఆపేసింది.

తిండి పెట్టి డబ్బులెలా అడగాలో మీలో ఎవరికైనా తెలిస్తే నాకూ కాస్త నేర్పండి. జిమ్ నిండా జనానికి పెట్టొచ్చాను. నా పిల్ల మాత్రం ఇంతవరకూ కంచం దగ్గరికి రాలేదు.