ఐదేళ్ళ పిల్లలకు నేను పెట్టిన నీళ్ళ పరీక్ష

రెండు గ్లాసుల నీళ్ళతో జగ్గయ్యపేటలో ఐదేళ్ళ పిల్లల్ని వరసపెట్టి ఫెయిల్ చేయించిన ఘనుణ్ణి నేను. 2022 వేసవి సంగతి. నందిగామలో కాబోయే టీచర్లకు శిశు వికాసం పాఠం చెబుతుంటాను. పేరుకు వికాసమే గానీ, మధ్యాహ్నం క్లాసులో వికసించేవి ఎక్కువగా ఆవలింతలే.

ఆ పాఠం పాతకాలపు అభిప్రాయాలతో మొదలవుతుంది. ఒకప్పుడు యూరప్‌లో పిల్లలంటే పొట్టి పెద్దవాళ్ళే అనుకునేవారట. తర్వాత ఒకాయన, కాదు, పిల్లవాడు ఖాళీ పలక, మనం రాసిందే ఉంటుంది అన్నాడు. ఇంకొకాయన, మొలకలాంటివాడు, తొక్కకుండా ఉంటే చాలన్నాడు. ఆ తర్వాత ఒక స్విస్ పండితుడు పిల్లల పక్కన కూర్చుని వాళ్ళనే అడిగి చూశాడు. పిల్లలు తక్కువగా ఆలోచించరు, వేరుగా ఆలోచిస్తారు, ఆ తీరు వయసుతోపాటు దశలు దశలుగా మారుతుందని తేల్చాడు.

ఆయన ప్రయోగాల్లో నాకు ఇష్టమైనది కన్జర్వేషన్. తెలుగు పుస్తకాల్లో పదిలపరచుకొనే భావన అంటారు. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, పిల్ల చూస్తుండగానే ఒక గ్లాసు నీళ్ళను సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపుతాం. ఎందులో ఎక్కువున్నాయని అడిగితే ఐదేళ్ళ పిల్ల పొడుగు గ్లాసు చూపిస్తుంది. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి, రెండూ ఒకటే కదా అని మనవైపు జాలిగా చూస్తుంది.

ఆ వేసవిలో జగ్గయ్యపేటలోని ఒక ప్రైవేటు బడిలో టీచర్లకు ఈ ప్రయోగం చేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. బడి కరస్పాండెంట్ కోటేశ్వరరావు గారు మరీ గట్టిగా కొట్టారు. ఆయన పూర్వాశ్రమంలో మిర్చి పండించి అమ్మిన వ్యాపారి. చప్పట్ల ఆనందంలో నేను అసలు మాట చివరికి దాచుకున్నాను. ఐదేళ్ళకు ఇలా చెప్పడం తప్పు కాదు, వయసు లక్షణం అనే మాట అది. అది చెప్పే వేళకు ఆయన భోజనాల ఏర్పాట్లు చూడ్డానికి బయటికి వెళ్ళారు. కబురు పెట్టి వినిపించాలన్న తెలివి నాకు లేకపోయింది.

జూన్‌లో ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని మా కాలేజీకి వచ్చింది. పేరు కృపారాణి. చిల్లకల్లు నుంచి బస్సులో వచ్చిందట.

"గ్లాసు సారు మీరేనాండి?"

ఇన్నేళ్ళ సర్వీసులో నాకు దక్కిన బిరుదు అదొక్కటే. కూర్చోమన్నాను.

"మా పెద్దది ఆ బళ్ళోనే మూడో తరగతండి. ఇద్దరూ ఒకే ఆటోలో పోతారు గదాని చిన్నదాన్ని ఒకటో తరగతికి తీసుకెళ్ళా. సీటు కావాలంటే గ్లాసుల పరీక్ష పాసవ్వాలన్నారు. గ్లాసు దగ్గర తప్పింది. ఇంకో ఏడు ఇంట్లోనే ఉంచమన్నారు." గొంతు తగ్గించింది. "దీనికి బుర్ర లేదాండి? నిజం చెప్పండి సార్, నేనేం అనుకోను."

అనుకోనంటూనే కొంగు నలిపేస్తోంది. పిల్ల పేరు బ్లెస్సీ. తల్లి అన్న మాట విననట్టు కిటికీ వైపు చూస్తోంది. ఐదేళ్ళ పిల్ల అంత బాగా విననట్టు నటిస్తే పూర్తిగా విన్నదనే అర్థం.

నేను గ్లాసులు తెప్పించాను. ఇంకా నీళ్ళు పోయకముందే బ్లెస్సీ చేతులు కట్టుకుని గబగబా అప్పజెప్పింది. "రెండూ సమానం సార్."

"మేం నేర్పామండి," అంది కృపారాణి. "పేటలో ట్యూషన్లో కూడా నేర్పుతున్నారంట. మీరు చెబితే ఇంకోసారి పరీక్ష పెడతారు గదాండి. ఈసారి తప్పదు."

నీళ్ళు ఒంపి, బ్లెస్సీని అడిగాను. "ఇది బాదం పాలనుకో. నీకేది కావాలి?"

పిల్ల తల్లివైపు చూసింది, గ్లాసులవైపు చూసింది. పొడుగు గ్లాసు దగ్గరికి జరుపుకుంది.

"అదే ఎందుకమ్మా?"

"రెండూ సమానమే సార్. కానీ దీంట్లో ఎక్కువున్నాయి."

నాకు నవ్వాగలేదు. ఆ వెంటనే సిగ్గేసింది. తన కళ్ళకు కనబడేదొకటి, పెద్దవాళ్ళకు చెప్పాల్సిందొకటి అని ఆ పిల్లకు నేర్పింది నా ప్రయోగమే.

"మీ అమ్మాయి బుర్ర బంగారంలా ఉందమ్మా. బుర్ర తక్కువ పని చేసింది నేను," అన్నాను. కృపారాణి నమ్మలేదు. సార్లు ఊరికే అలా అంటారని ఆవిడకు తెలుసు. బడిలో సీటు వస్తే తప్ప నా మాటకు విలువ లేదు.

మర్నాడు ముగ్గురం కోటేశ్వరరావు గారి గదిలో కూర్చున్నాం.

"మీ టెస్టే కదండీ మాస్టారూ," అన్నారాయన. "అడ్మిషన్ల కరపత్రంలో మీ పేరు కూడా వేయించా."

పాసైన పిల్లల్ని ఇద్దర్ని పిలిపించమన్నాను. చింతగింజలు రెండు వరసలుగా, సమానంగా పేర్చాను. ఒక వరసను ఎడంగా జరిపి ఏది ఎక్కువని అడిగితే ఇద్దరూ పొడుగు వరసనే చూపించారు. నీళ్ళ జవాబు బట్టీ పట్టిందేనని తేలిపోయింది. నేను గెలిచానన్నట్టు ఆయనవైపు చూశాను.

ఆయన ఆలోచించి, "అయితే వచ్చే ఏడు చింతగింజలు కూడా పెడదామండి," అన్నారు.

నా సిద్ధాంతం ఇక్కడ చెల్లదని అర్థమైంది. "సార్, డిసెంబర్లో చేలో మిరపకాయ పచ్చగా ఉంటే మీరేం చేసేవారు? పీకి పారేసేవారా?"

"ఎందుకు పారేస్తామండీ? ఎరుపెక్కడానికి టైముంది గదా."

"ఎర్ర రంగు పూస్తే?"

"అది మోసం," అని ఠక్కున అన్నారు. బ్లెస్సీని, ఆ ఇద్దరు పిల్లల్ని కాసేపు చూశారు. "అంటే పచ్చి కాయేగానీ పుచ్చు కాయ కాదంటారు."

"అంతేనండి."

"ఆ ముక్క ఆరోజే చెప్పొచ్చుగా మాస్టారూ," అంటూ అప్లికేషన్ మీద సంతకం చేశారు. కృపారాణి ఆయనకు దణ్ణం పెట్టింది. నాకు పెట్టలేదు. న్యాయమే.

అప్పటినుంచి దశల పాఠం చెప్పినప్పుడల్లా, ఈ వయసుల లెక్క మనం ఎంత ఓపిక పట్టాలో తెలుసుకోడానికే, ఎవర్ని గుమ్మం బయట నిలబెట్టాలో తేల్చడానికి కాదు అన్న మాటతోనే మొదలుపెడుతున్నాను. చప్పట్లు రావడం లేదు.

పరీక్ష తీసేశాక, దాని బదులు ఏదైనా పెట్టమని కోటేశ్వరరావు గారు పట్టుబట్టారు. పిల్లలకు వద్దు, తల్లిదండ్రులకు పెడదామన్నాను. ఒకటే ప్రశ్న. ఈమధ్య మీ పిల్ల మిమ్మల్ని ఏమడిగింది? ముందు మీ మీదే ట్రయల్ వేద్దామండి, మీ మనవడికి ఐదేళ్ళే కదా అన్నాను. ఆయన తల గోక్కున్నారు. చిన్నప్పుడు నేను కూడా లెక్కల మాస్టారి ముందు అలాగే గోక్కునేవాణ్ణి. రేపు చెబుతానన్నారు.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "మాస్టారూ, చింతచెట్టు రాత్రిపూట ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది గదా, దానికి కలలొస్తాయా అని అడిగాడండీ. పొద్దున లేచి మళ్ళీ అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?"

ఆ వయసుకు చెట్టూ పుట్టా అన్నీ ప్రాణంతో మనలాగే ఆలోచిస్తాయని తోచడాన్ని సర్వాత్మవాదం అంటారు. దానిమీద నేను గంటసేపు మాట్లాడగలను.

"మంచి ప్రశ్నండి. మీరే ఆలోచించి చెప్పండి," అని ఫోన్ పెట్టేశాను.