గాలికుంటు పుస్తకంలో రాక్షసరాజు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోసే మనిషిని. మా ఇంట్లో పిల్లి పాలగిన్నె దొర్లిస్తే, ఆ కబురు నా నోట బజారుకు చేరేసరికి పులి బర్రెను ఎత్తుకుపోయి ఉంటుంది. మా ఆవిడ నా మాటలను చేటలో వేసి చెరిగి, పొట్టంతా ఊదేసి, మిగిలిన నాలుగు గింజలే నమ్ముతుంది. మీరూ ఒక చేట దగ్గర పెట్టుకుని చదవండి.

కల్వకుర్తి దగ్గర ఒక చిన్న ఊళ్లో నేను గ్రంథపాలకుణ్ని. కొత్త జిల్లాలు వచ్చిన తర్వాత, పుస్తకాలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించమని పైనుంచి ఆర్డరొచ్చింది. పాత రిజిస్టరులో ఉండి బీరువాల్లో దొరకని పుస్తకం పేరుకెదురుగా 'లేదు' అని కొట్టాలి. అలా కొట్టి పంపామంటే ఆ పుస్తకం పని అయిపోయినట్టే. బీరువాలో కూర్చుని మనల్ని చూసి నవ్వుతున్నా సరే, లెక్కలో అది చచ్చిపోయిందే. నేను రెండు వేళ్లతో టైపు చేస్తాను. ఆ రెండు వేళ్లతోనే యుద్ధంలో సైనికులు కూలినట్టు పుస్తకాలను కూల్చాను. జాబితా శుక్రవారం పంపాలి.

ఆ వారంలోనే ఆయన వచ్చాడు.

ఆయన తలుపు తీసుకుని రాలేదు. తలుపే ఆయనను చూసి పక్కకు తప్పుకుని గోడకు అంటుకుపోయింది. ఫ్యాను ఆయన తలపాగాను చూసి తిరగడం మానేసింది. కరెంటు పోయింది కాబట్టి ఆగిందని మా అటెండరమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. మీసాలు ఒక్కొక్కటి గిత్త కొమ్మంత. చుట్టుపక్కల ఊళ్లలో గుట్ట నరసింహస్వామి కథను యక్షగానంగా ఆడితే, రాక్షసరాజు వేషం ఎప్పుడూ ఆయనదే. చిన్నప్పుడు ఆ గర్జన విని మా అవ్వ కొంగులో దూరినవాణ్ని నేను. మనిషికి డెబ్బై దాటినా గొంతు మాత్రం అట్లాగే ఉంది.

"మా గురువు రాసిన ఆట పుస్తకం. అచ్చేసిన నాడు ఒకటి మీకే ఇచ్చిండు. యాడున్నది?"

"చూస్తాను కాకా" అన్నాను. కానీ చూడడానికేమీ లేదు. దాని పేరుకెదురుగా ముందురోజే 'లేదు' అని కొట్టింది నా వేలే. ఆ మాటే నసిగాను.

"ఇచ్చిన నాడు ఉండె గద. నడుసుకుంట పోయిందా?" అంటూ ఆయన బల్ల మీద అరచెయ్యి వేశాడు. బల్ల మీదున్న నా టీ గ్లాసు నా ఒళ్లోకి వచ్చి కూర్చుంది. "నా కాడి పుస్తకం ఎలుకలు కొరికినయి. ఇంకెవ్వల కాడ లేదు. శుక్రారం జాతరల ఆట. దేవులాడి పెట్టు, రేపొస్త."

ఆ రేపు తెల్లారకూడదని నేను మొక్కుకోని దేవుడు లేడు. అయినా తెల్లారింది. మెట్ల మీద కర్ర చప్పుడు వినగానే గణితం బీరువా వెనక్కి పోయి నిలబడ్డాను. మా ఊళ్లో ఆ వైపు ఈగ కూడా పోదు.

"సారు లేడా?" అని ఆయన గొంతు.

"గణితం కాడ దాక్కున్నడు కాకా" అని మా అటెండరమ్మ నింపాదిగా చెప్పేసింది.

ఆయన లోపలికొచ్చాడు. ఒక్కో బీరువాను కర్రతో కొడుతూ, "గిండ్ల ఉన్నదా? గిండ్ల?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆ కథలో పిల్లవాడు నయం, స్వామి అన్నిచోట్లా ఉన్నాడని ధైర్యంగా చెప్పగలిగాడు. నేను ఏ బీరువా దగ్గరైనా లేదనే చెప్పాలి. ఏ బీరువా పగిలినా నా తరఫున బయటికొచ్చే స్వామీ లేడు.

చివరి బీరువా దగ్గర ఆయన కర్ర ఆగింది. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. అటెండరమ్మకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"సారూ, నాకు భయమైతాంది."

గణితం వెనకనుంచి బయటికొచ్చాను.

"కంబం పలిగే కాడ పద్యాలు యాదికొస్తలేవు. చేను కాడ పాడుకుంటె మొదలు మంచిగనే వస్తది, నడుమల తెగుతాంది. ఇంట్ల ఎవ్వలకు చెప్పలె. నా నోట్లకెల్లి పోయి, మీ కాడ గూడ లేదంటె, ఇగ అది యాడుంటది?"

అప్పటిదాకా నేను భయపడింది ఆయన చేతికి. ఇప్పుడు నా వేలికి భయపడ్డాను. శుక్రవారం నేను పంపబోయే ఆ 'లేదు' నిజంగానే లేదు అయిపోతుంది.

"పుస్తకం ఎంతుంటది కాకా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

ఆయన చెయ్యి చాపి గాలిలో కొలిచాడు. "గింత. నా జానెడు. సన్నగ, సర్వపిండి లెక్క."

సన్నగా అనేసరికి నా బుర్రలో ఏదో కదిలింది. సన్న పుస్తకాలు బీరువాలో నిలబడవు, వంగిపోయి పక్కవాటి వెనక్కి జారిపోతాయి. అందుకని వెనకటి రోజుల్లో మా దగ్గరికొచ్చే బైండరు, ఒకే కొలత ఉన్నవాటిని పోగేసి ఒకే అట్ట కింద కుట్టేసేవాడు. లోపల ఏముందో అతనికి అక్కర లేదు. సైజు కలిస్తే చాలు, జాతకం కలిసినట్టే. పైనున్న పుస్తకం పేరొక్కటే వీపు మీద రాసేవాడు. నా ముందువాళ్లు ఆ పేరొక్కటే కార్డు మీద ఎక్కించారు. నేను అట్ట కూడా తెరవకుండా, రిజిస్టరులో ఉండి కార్డు లేని ప్రతిదానికీ కంప్యూటర్‌లో 'లేదు' కొట్టాను.

"కాకా, చెయ్యి అట్లనే ఉంచు" అన్నాను.

ఆయన జానను కొలబద్దగా పట్టుకుని బీరువా బీరువా తిరిగాం. జానెడు పుస్తకం కనబడితే చాలు, అటెండరమ్మ లాగి దుమ్ము కొడుతుంది, నేను తెరుస్తాను. లేచిన దుమ్ముకు కల్వకుర్తిలో మబ్బు పట్టిందని అనుకున్నారు. చివరికి వ్యవసాయం అరలో తలగడంత లావు సంపుటం ఒకటి దొరికింది. వీపు మీద 'పశువులలో గాలికుంటు వ్యాధి' అని ఉంది. గాలికుంటు అయిపోగానే ఊరగాయలు పట్టే విధానం, ఊరగాయల తర్వాత కుట్టుపని. జాకెట్టు కొలతల బొమ్మ తిప్పితే రాక్షసరాజు కొలువుదీరి ఉన్నాడు.

"బర్ల దవాఖానల దాక్కున్నడా మీ రాజు?" అంది అటెండరమ్మ.

కానీ ఒక చిక్కుంది. నాలుగూ సమంగా రావాలని బైండరు అంచులు కోసేశాడు. ప్రతి పాదం చివరా ఒకటి రెండు అక్షరాలు కత్తికి పోయాయి. కాకా కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మొదటి పాదం చదివాడు. తెగిన చోటికి రాగానే గొంతు ఆగలేదు, ఆ అక్షరాలను తనే వేసుకుని ముందుకు పోయింది. రెండో పాదమూ అంతే. గొంతు లేచింది. గోడ మీద బల్లి కిందపడింది. పేపర్లు చదువుకునేవాళ్లు వాకిట్లోకి ఉరికారు. రోడ్డు మీద శ్రీశైలం బస్సు ఆగి, ఏదో ప్రమాదమని కండక్టరు దిగి చూశాడు. చివరిదాకా, ప్రతి పాదాన్నీ ఆయన పూర్తి చేశాడు.

"జర గీ కాయితాలు ఊడదీసియ్యి సారు."

"ఊడదీయను కాకా. గాలికుంటుతో సహా పట్టుకపో."

ఆయన పోయాక కంప్యూటర్ ముందు కూర్చుని 'లేదు'ను చెరిపేశాను. ఆ నాలుగు పుస్తకాలకూ విడివిడిగా పేర్లు ఎక్కించి, ప్రతిదాని కింద గమనిక గడిలో 'గాలికుంటు సంపుటంలో కలిపి కుట్టబడింది' అని రాశాను. తర్వాత జాబితాలో మిగిలిన 'లేదు'లను లెక్కపెట్టాను. పైవాళ్లకు ఫోను చేసి గడువు అడిగి, లావు సంపుటాలన్నీ తెరవడం మొదలుపెట్టాను.

ఇక మీ చేట ఇలా ఇవ్వండి. మీసాలు, ఫ్యాను, బల్లి, బస్సు నిజంగా ఉన్నవే, కాస్త పెంచానంతే. పూర్తిగా కల్పించింది ఒక్కటే. ప్రతి పాదాన్నీ పూర్తి చేశాడన్నాను కదా, చేయలేదు. కంబం పగిలే చోట ఒక పాదం దగ్గర ఆగిపోయాడు. పై పాదం నుంచి మళ్లీ అందుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. కోసేసిన అంచు మీద వేలు పెట్టి, "గీడ ఏముండె సారు?" అని మెల్లగా అడిగాడు. ఆ వారమంతా ఆయన అరిచిన అరుపులకంటే ఆ మెల్లని మాటకే నాకు ఎక్కువ భయమేసింది.

జాతరలో ఆ చోట ఆయన పాడలేదు. కర్రతో కంబాన్ని కొట్టాడు. ఆట అట్లాగే ఉంటుందని జనం అనుకున్నారు. గమనిక గడిలో నేను ఇంకో వాక్యం చేర్చాను: 'అంచు కోతలో ఒక పాదం చివర పోయింది, తెలిసినవారు చెప్పగలరు.' ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. తలుపు చప్పుడైతే మాత్రం గణితం వెనక్కి పోవడం లేదు, తలెత్తి చూస్తున్నాను.