మంచుజాతి చావు ఆచారం

రెండేళ్లుగా నేనొక నవల రాస్తున్నాను. ఉత్తరాన మంచులో బతికే ఒక మోటు జాతిని ఊహించి, వాళ్ల యుద్ధాలు, దేవుళ్లు, పెళ్లిళ్లు నోటుబుక్కుల నిండా రాసుకున్నాను. గద్వాల వెళ్లినప్పుడు, పత్తిచేను పని ముగించుకొని వచ్చిన మా వదినకు అదంతా చదివి వినిపించాను.

అంతా విని ఆమె అడిగింది. "మరి చచ్చినోళ్లను ఏం జేస్తరు? మంచుల గడ్డపార దిగదు గద. ఎండలు కొట్టేదాంక ఇంట్లనే పండవెట్టుకుంటరేమో. పొద్దుగాల లేసి పలకరిస్తరేమో."

రెండేళ్లలో నాకు తట్టని ఊహ అది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి ఒక్క నిమిషంలో తట్టింది. "గట్ల కుదరదు వదినా" అని పుస్తకం మూసేశాను.

ఇంటికొచ్చి ఆ మాటలనే ఒక అధ్యాయంగా రాశాను. వనపర్తిలో మిత్రులకు చదివితే అందరూ మెచ్చుకున్నది దాన్నొక్కదాన్నే. ఆ ఊహ ఎవరిదో నేను చెప్పలేదు. వాళ్లు మెచ్చుకునేకొద్దీ నాకు కడుపు మండింది.

వారం తర్వాత ఫోన్ చేసి, ఆమె మాటలనే రాసుకున్నానని వదినకు ఒప్పుకున్నాను.

"రాసినవా? మంచిగైంది," అని నవ్విందామె. "మంచు కరిగినంక పీనుగను బయటికి తీస్కపోతుంటే పిల్లలు అడ్డం పడ్తరు. అది రాసినవా?"

రాయలేదు. మళ్లీ కుళ్లుకుంటూనే కలం కోసం వెతికాను.