ఖాజా సాబ్ సంతకం పెట్టని రిపోర్టు

పోయిన ఆదివారం అల్వాల్‌లో పిండిగిర్ని ముందు నిలబడి ఉండగా, లోపల ఏదో బేరింగ్ సన్నగా కీచుమనడం వినిపించింది. అంత మోతలో దాన్ని ఇంకెవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం చెవి అటే పెట్టాను. ఆరేళ్ల కిందట మేడ్చల్ దగ్గర మందుల సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీలో, అలా కీచుమని ఆగిపోయిన ఒక మోటారు గురించే నేనొక రిపోర్టు రాశాను. దాని మీద సంతకం పెట్టనన్న మనిషి మా షిఫ్టు ఇన్‌ఛార్జి ఖాజా సాబ్.

ఆయనది శామీర్‌పేట. హెల్పరుగా చేరి, ముప్పై ఏళ్లు అక్కడే పనిచేసి, ఆ కుర్చీ దాకా వచ్చినవాడు. నేను అప్పుడే చేరిన మెయింటెనెన్స్ ఇంజనీరుని. దేన్నయినా వరుస సంఖ్యలు వేసి రాసుకుంటే తప్ప నాకు నిలకడ ఉండేది కాదు. "ఇంజనీర్ సాబ్, నాస్తాకు గూడ లిస్టు రాసినవా?" అని ఆయన ఆటపట్టించేవాడు. రోజూ పొద్దున ఆరింటికి షిఫ్టు మీటింగు. నేల మీద పసుపు గీత ఉండేది. కంపెనీ ఉద్యోగులం గీత లోపల నిలబడేవాళ్లం. ఊడ్చి కడిగే కాంట్రాక్టు మనుషులు చీపుర్లతో అవతల, తలుపు దగ్గర ఉండేవారు. అలా ఉండాలని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. సూరారం నుంచి వచ్చే లచ్చమ్మ అక్కడ ఎనిమిదేళ్లుగా నిలబడుతోంది.

ఒకరోజు సీసాలను ముందుకు నడిపే కన్వేయర్ మోటారు బిగుసుకుపోయి లైను మొత్తం ఆగింది. విప్పి చూస్తే బేరింగులో నీళ్లు, తుప్పు. నాలుగింటికల్లా రిపోర్టు కావాలని, బాధ్యులెవరో పేరు రాయాలని, ఆ మనిషిని రేపటి నుంచి గేటు దాటనివ్వనని మేనేజరు చెప్పాడు. నా ఉద్యోగం ఖాయం చేయాల్సింది కూడా ఆ నెలలోనే. నేను మూడు కారణాలు రాశాను. మూడోది, కడిగే కార్మికురాలు లచ్చమ్మ అజాగ్రత్త. ఖాజా సాబ్ సంతకం ఒక్కటే మిగిలింది.

ఆయన కాగితం చదివి, "లచ్చమ్మను అడిగినవా?" అన్నాడు.

"అడిగేదేముంది సాబ్, మోటారు నిండ నీళ్లే. రోజు కడిగేది ఆమెనే గద."

"అడిగినవా, లేదా?"

"లేదు."

అప్పటికి మూడూ ఇరవై. ఆయన పెన్ను మూత పెట్టి లేచాడు. "పా."

లచ్చమ్మ అప్పటికే టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుని కూర్చుంది. "సాబ్, రేపు నేను రావాల్నా, వద్దా? గదొక్కటి చెప్పుండ్రి."

"గా ముచ్చట తర్వాత. మోటారుకు నీళ్లెట్ల తగిలినయ్?"

ఆమె నావైపు చూసింది. "గాయన్ని సూడకు, నాకు చెప్పు" అన్నాడు ఖాజా సాబ్.

"పైన పైపు కారుతాంది సాబ్, రెండు నెలల సంది. నేనే ఒక రంగు డబ్బ తీగతోని కట్టిన. నిండంగనే పారవోసేదాన్ని. మొన్న దాన్ని తీసేసిండ్రు. గప్పటి సంది మోటారు కీసుమంటాంది. చెప్దామని మీటింగ్ కాడికొస్తే ఈ ఇంజనీర్ సారు 'అయినంక' అన్నడు. అయినంక పోయిండు."

"డబ్బ ఎవరు తీసిండ్రు?"

"నాకేం ఎరుక సాబ్."

ఆమెకు తెలుసు. తనిఖీ వస్తోందని, అక్కరలేని వస్తువుల జాబితా రాసి నేనే తీయించాను. విరిగిన కుర్చీ, ఖాళీ అట్టపెట్టెలు... పన్నెండోది, పైపుకు వేలాడే పాత రంగు డబ్బా. అందులో ఏముందో తొంగి చూడలేదు. ఖాజా సాబ్ ఇంకొకసారి అడగలేదు. ఎదురుచూశాడు. నేను నోరు విప్పకపోతే ఆ ప్రశ్న ఆమె మీదే ఉండిపోతుందని అర్థమవడానికి నాకు చాలా సేపు పట్టింది.

"నేనే తీయించిన" అన్నాను.

తిరిగి వస్తూ ఆయన, "నువ్వొక్కనివే గాదు. గా గీత అవతల ఎనిమిదేండ్లు ఆమెను నిలబెట్టింది నేను. ఎన్నడు తోచలే" అన్నాడు. మూడో కారణం కొట్టేసి నా పేరు రాశాను. "నన్ను ఖాయం చేయరేమో సాబ్" అన్నాను. "చేయకపోవచ్చు" అన్నాడు. అంతకుమించి ఓదార్చలేదు. కింద తన వంకర అక్షరాలతో, ఆమెను మీటింగుకు పిలవకపోవడం తన తప్పని రాసి సంతకం పెట్టాడు. మేనేజరు రెండుసార్లు చదివాడు. నా ఉద్యోగం ఖాయం కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది. లచ్చమ్మ మర్నాడు పనికి వచ్చింది.

ఆ పొద్దున ఖాజా సాబ్ గీత దాటి తలుపు దగ్గర నిలబడి మీటింగు పెట్టాడు. అందరం అక్కడికే నడవాల్సి వచ్చింది. ఒక ఆపరేటరు నవ్వాడు. "ఇగ చీపుర్లకు గూడ మీటింగా సాబ్?"

"నిన్న లైను ఆపింది చీపురా, ఇంజనీరా?" అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు. నేను తల దించుకున్నాను. "లచ్చమ్మా, ముందు నువ్వు చెప్పు."

"ఏం లేదు సాబ్."

రెండు వారాలు ఆమె అదే మాట అంది. ఆయన రోజూ మొదట ఆమెనే అడిగాడు. వాచీ చూసుకునేవాళ్లు చూసుకుంటున్నా, జవాబు కోసం ఆగాడు. ఒక పొద్దున ఆమె, "సీసాలు పక్కకు తిరిగే కాడ నేల జారుతాంది. ఇద్దరు పడ్డరు, సిగ్గుకు చెప్తలేరు" అంది. మొదటిరోజు నవ్విన ఆపరేటరు మెల్లగా తన మోచేతి దెబ్బ చూపించాడు.

ఖాజా సాబ్ రిటైరై శామీర్‌పేటలోనే ఉంటున్నాడు. నేను వేరే ఫ్యాక్టరీలో ఉన్నాను, నా కింద పదిమంది. జాబితాలు రాయడం మానలేదు. కానీ రాసింది పట్టుకుని, ఆ పని రోజూ చేసే మనిషి దగ్గరికి వెళ్లి, ఇది సరైనదేనా అని అడుగుతాను. చాలాసార్లు "మంచిగనే ఉంది సారు" అంటారు. అది నిజమో, నన్ను పంపించేయడానికి అంటున్నారో తెలియదు. అందుకని ఇంకాసేపు అక్కడే నిలబడతాను.