సోహార్‌లో అవ్వ గోరీ కోసం

మా అమ్మకు వాళ్ళమ్మ ముఖం లీలగా మాత్రమే గుర్తు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి ఒమన్‌లోని సోహార్‌కు ఇంటిపనికి వెళ్ళిన అవ్వ అక్కడే జబ్బుపడి చనిపోయింది, అక్కడే పూడ్చారు. ఆమెతో పనిచేసిన ఒకావిడ తర్వాత ఊరికి వచ్చి గోరీ ఫోటో ఇచ్చింది. షబ్-ఎ-బరాత్ పండగ వస్తే అందరూ తమవాళ్ళ గోరీల దగ్గరికి పోతారు. మా అమ్మ ఇంట్లో ఆ ఫోటో ముందు కూర్చుని అవ్వ కోసం ఫాతిహా ప్రార్థన చదువుతుంది. ఈ ఏడు, "నేనెట్లాగూ పోలేను. నువ్వన్నా ఆ గోరీ తాకి రా నాయనా" అంది. ఇక వాయిదా వేయడానికి నా దగ్గర సాకులు మిగల్లేదు.

మస్కట్‌లో, ఘాలాలోని మా ఊరివాళ్ళ రూమ్‌లో దిగాను. పొద్దున్నే డ్రైవర్ కరీం భాయ్ కారులో సోహార్ బయల్దేరాం. ఆయనదీ మా కడప వైపే. దారి రెండు గంటల పైచిలుకు, రోజంతటికీ కారుకు ముప్పై రియాళ్ళు. బస్సు చవకే కానీ, అక్కడ దిగాక తిరగడానికి మళ్ళీ టాక్సీ తప్పదు. మధ్యలో పరోటా, చాయ్ కానిచ్చాం.

"అవ్వను పూడ్చిన రికార్డు దొరుకుతుందంటావా భాయ్?"

"మీ అవ్వ పాత పాస్‌పోర్ట్ జిరాక్స్ ఉండాది గదన్నా, భయమెందుకు? అరబీలో నేను మాట్లాడతాలే."

సోహార్‌లో ఆ లెక్కలుండే ఆఫీసులో ఓపిగ్గా వెతికిపెట్టారు. ఖననం రికార్డులో అవ్వ పేరూ, ఏ ఖబరస్తాన్‌లో పూడ్చారో అదీ ఉన్నాయి. ఏ గోరీ అన్నది మాత్రం లేదు. ఫోటో ఉందిగా అని నేను ధీమాగానే ఉన్నాను.

తీరా చూస్తే అక్కడ గోరీల మీద పేర్లే లేవు. గట్టి నేల, నిలబెట్టిన ఉత్త రాళ్ళు. ఫోటో పట్టుకుని వరసలన్నీ తిరిగాను. కొన్నింటికి రెండు రాళ్ళు, కొన్నింటికి మూడు. ఎందుకో అడగమంటే కరీం భాయ్ కాపలా ముసలాయన దగ్గరికి వెళ్ళి వచ్చి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"రెండుంటే మొగోళ్ళవంట అన్నా. ఆడోళ్ళకు మూడు పెడతారంట."

ఫోటోలో ఉన్నవి రెండే. ఆ ఫోటో తెచ్చినావిడకు ఈ పద్ధతి తెలియదేమో, పాపం. మరి మా అమ్మ ఇన్నేళ్ళూ ఎవరి ముందు ఏడ్చినట్టు? "అమ్మకు చెప్పొద్దులే అన్నా. ఏదో ఒకటి సూపిచ్చేయ్" అన్నాడు కరీం భాయ్. నేనూ అదే అనుకుని ఫోన్ కలిపాను. తెర మీద అమ్మ కనబడగానే నిజం నోట్లోంచి వచ్చేసింది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి తనే తేరుకుంది.

"సరేలే. ఆ మొగాయనకు ఎవురూ లేరేమో, నా ఫాతిహా ఆయనకన్నా అందింటాది. ఇంగ ఆ మూడు రాళ్ళవన్నీ సూపీ నాయనా, ఒక్కటీ వదలొద్దు. మాయమ్మ ఆడ్నే యాడో ఉంటాది గదా."

ఎండలో ఫోన్ ఎత్తిపట్టుకుని వరస వెంట వరస నడిచాను. ప్రతి గోరీ దగ్గరా అమ్మ "అస్సలాము అలైకుం అమ్మా" అంటూనే ఉంది. కరీం భాయ్ నా తల మీద గొడుగు పట్టాడు.

ఇంత దూరం వచ్చీ అవ్వ గోరీ ఏదో తేల్చుకోలేకపోయానన్న బాధ నాకింకా ఉంది. అమ్మకు లేదు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే ఒక్క మాట వినండి: దొరికినా దొరక్కపోయినా ఇంటికి అక్కడ నిలబడే ఫోన్ చేయండి. రూమ్‌కు వెళ్ళాక చెబుదామనుకుని ఉంటే నేను తప్పకుండా అబద్ధమాడేవాణ్ణి. మా అమ్మ వాళ్ళమ్మకు సలాం చెప్పకుండానే ఉండిపోయేది.